చివర చేరినవాళ్ళు

ఆఫీసులో అందరూ ఆమెను మేడమ్ అనేవారు. ఏ మేడమ్ అని ఎవరూ అడిగేవారు కాదు. వార్తా విభాగంలో నలభై నలుగురు పనిచేస్తుంటే ఆడమనిషి ఆమె ఒక్కతే. జిల్లా పేజీకి సబ్‌ఎడిటరు. పంతొమ్మిదేళ్ళుగా ఇతరులు రాసిన వార్తల్లో తప్పులు దిద్దుతూ, పొడవు కత్తిరిస్తూ, హెడ్డింగులు పెడుతూ వస్తోంది.

పత్రిక పరిస్థితి అంతంతమాత్రంగా ఉంది. పదహారు పేజీలు పదికి వచ్చాయి. మూడో అంతస్తును పళ్ళ డాక్టరుకు అద్దెకిచ్చారు. మెట్ల మీద రిపోర్టర్లూ, చెంప పట్టుకున్న రోగులూ ఎదురుపడేవారు. ఇద్దరిలో ఎవరి మొహం ఎక్కువ దిగులుగా ఉందో చెప్పడం కష్టంగా ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్రికా యూనియన్ల సమాఖ్య నుంచి ఇక్కడి యూనియన్‌కు ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి శాఖా వైవిధ్య కమిటీ ఒకటి వెయ్యాలి, పత్రికలో ఎవరెవరికి ఇన్నాళ్ళూ చోటు లేకుండా పోయిందో చూడాలి, వాళ్ళకు చోటు కల్పించమని యాజమాన్యాన్ని అడగాలి అని దాని సారాంశం. దానికి జతగా గళ్ళు గీసిన ఫారం ఒకటి.

యూనియన్ అధ్యక్షుడు పేజీలు పెట్టే విభాగంలో సీనియరు. మంచివాడే. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు చేరేవాడు. ఒకే ఒక్క బలహీనత, మైకు కనిపిస్తే వదిలేవాడు కాదు. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యే ముందు క్యాంటీన్లో సభ పెట్టి, ఉత్తరం చదివి వినిపించి, కన్వీనర్‌గా ఎవరుంటే బాగుంటుందని అడిగాడు. నలభై మూడు తలలు ఒకేసారి ఆమె వైపు తిరిగాయి.

"నాకు పేజీ పనుంది సార్" అంది ఆమె.

"పేజీ ఎప్పుడూ ఉండేదేనమ్మా. ఇది చారిత్రాత్మకమైన బాధ్యత."

"చారిత్రకం" అంది ఆమె, అలవాటు కొద్దీ.

"అదేలే, చారిత్రాత్మకం. రాసుకోండయ్యా, ఏకగ్రీవం."

వెనక బల్ల దగ్గర ఆటల పేజీ సబ్‌ఎడిటరు టీ తాగుతున్నాడు. రోజుకు ఎనిమిది గంటలు దేన్నో ఒకదాన్ని తిట్టుకుంటూ కూర్చుంటాడని ఆయనకు సణుగుడు సారు అని పేరు. "మన దగ్గర వైవిధ్యం లేదన్నదెవరు?" అన్నాడు పైకే వినపడేలా. "బావలున్నారు, బావమరుదులున్నారు, ఇద్దరు తోడల్లుళ్ళున్నారు. ఒక మేనమామ కూడా ఉన్నాడు. ఇంకేం కావాలి?"

సభ గొల్లుమంది. తోడల్లుళ్ళు కూడా నవ్వారు.

ఆమె మాత్రం ఆ ఫారాన్ని సీరియస్‌గా తీసుకుంది. హాజరు పుస్తకం ముందేసుకుని రెండు వారాలు కూర్చుంది. నలభై నలుగురిలో ముప్ఫై ఎనిమిది మంది ఊళ్ళోని నాలుగు పేటల్లోనే ఉంటున్నారని తేలింది. చెత్త డంపు పక్కనున్న కాలనీ నుంచి గానీ, నది అవతలి పేటల నుంచి గానీ ఇంతవరకూ ఒక్కరూ ఉద్యోగంలో చేరలేదు. ఆ పేటల వార్తలు కూడా నిప్పంటుకున్నప్పుడో, నీళ్ళొచ్చి ముంచినప్పుడో తప్ప రాలేదు. ఆఫీసులో మరొకరి చుట్టరికం వల్ల వచ్చినవాళ్ళు పదకొండు మంది లెక్క తేలారు. పన్నెండో పేరు రాయడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అది ఆమెదే. వాళ్ళ నాన్న అదే పత్రికలో ముప్ఫై నాలుగేళ్ళు సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటరు.

ఆ లెక్క పట్టుకుని ఆమె, అధ్యక్షుడు మేనేజరు గదిలోకి వెళ్ళారు. మేనేజరు కాగితం పూర్తిగా చదవకుండానే "చాలా మంచి ఆలోచనండీ. ఒప్పుకుంటున్నాం" అన్నాడు. పది నిమిషాల్లో సంతకాలు అయిపోయాయి.

బయటికొచ్చాక అధ్యక్షుడి కాళ్ళు నేల మీద లేవు. "చూశావామ్మా, గట్టిగా అడిగితే ఎలా దిగొస్తారో!"

ఆమెకు మాత్రం అనుమానం వచ్చింది. డెస్కు మీద ఫ్యాన్ మార్చమని అడిగితే ఎనిమిది నెలలు తిప్పిన మనిషి, ఇంత పెద్ద కోరికకు పది నిమిషాల్లో ఊ అన్నాడంటే అందులో ఏదో ఉంది. సీట్లో కూర్చుని, ఎవరో అనుభవం లేని విలేకరి పంపిన వార్తలా ఆ ఒప్పందాన్ని మాట మాటా చదివింది. 'ఇకపై జరిగే నియామకాలలో' అని ఉంది. నియామకాలు ఆపేసి మూడేళ్ళయింది. జరగని పెళ్ళికి ఎంతమందినైనా పిలవచ్చు.

మళ్ళీ చదివింది. కింద ఇంకో మాట దొరికింది. 'ఖాళీ అయిన స్థానాలను నింపునప్పుడు కూడా.' ఆ నెలలోనే ముగ్గురు రిపోర్టర్లు మానేసి ఆసుపత్రి ప్రచార విభాగంలో చేరిపోయారు. వాళ్ళ పనిని రోజు కూలీ మీద ఎవరితోనో చేయిస్తున్నారు. అంటే ఖాళీలను నింపుతున్నట్టే కదా? ఆమె ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి మేనేజరు బల్ల మీద పెట్టింది. ఆయన ఆ గీతను చాలాసేపు చూశాడు. నాలుగు నెలలు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ముగ్గురు వచ్చారు. నది అవతలి నుంచి ఒక ఫోటోగ్రాఫరు అమ్మాయి, వెబ్ డెస్కులోకి చంకకర్రలతో నడిచే ఒక కుర్ర సబ్‌ఎడిటరు, డంపు పక్క కాలనీ నుంచి ఒక రిపోర్టరు.

ఆ రిపోర్టరును అందరూ కొత్తమ్మాయి అనేవారు. ఇరవై నాలుగేళ్ళు. గట్టిగా మాట్లాడుతుంది, నెమ్మదిగా రాస్తుంది. సణుగుడు సారు పక్క సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోబెట్టారు.

"ఇన్నాళ్ళకు కమిటీ వల్ల నాకొక లాభం జరిగింది" అన్నాడాయన. "ఇకనుంచి నా సణుగుడు వినడానికి ఒకరుంటారు."

"సార్, మీరు సణిగేది నాకు వినపడదు. మా ఇంటి దగ్గర లారీల మోతకి చెవులు అలవాటు పడిపోయాయి" అంది ఆ అమ్మాయి.

ఆయన తన కుర్చీని ఆ అమ్మాయి వైపు జానెడు జరుపుకున్నాడు.

కొత్తమ్మాయి రాసిన మొదటి పెద్ద వార్త ఒక బస్సు గురించి. బస్సు సంస్థ కాగితాల ప్రకారం ఆ కాలనీకి రోజూ పద్నాలుగు సార్లు బస్సు వచ్చి పోతోంది. ఆ అమ్మాయి పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా, నాలుగు రోజులు, స్టాపు దగ్గర నోట్‌బుక్కు పట్టుకుని నిలబడింది. నోట్‌బుక్కులో లారీలున్నాయి, ఆటోలున్నాయి, మేకలున్నాయి. బస్సు మాత్రం లేదు. ఫోటోగ్రాఫరు అమ్మాయి ఆ నాలుగు రోజులూ ఖాళీ స్టాపును నాలుగు ఫోటోలు తీసింది. మేడమ్ వార్తను జిల్లా పేజీలో పైన పెట్టింది. 'రాని బస్సుకు పద్నాలుగు ట్రిప్పులు' అని హెడ్డింగు. ఆ పొద్దున కాలనీవాళ్ళు పత్రిక కోసం వెతికితే అక్కడ అమ్మేవాళ్ళే లేరు. చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని ఏడుస్తున్న పత్రిక, పుట్టిన దగ్గర్నుంచి ఆ వైపు ఒక్క కట్ట కూడా పంపలేదు. వారంలో బస్సు వచ్చింది. పత్రిక అమ్మే ఏజెంటూ ఒకడు వచ్చాడు.

అధ్యక్షుడు ప్రకటన రాశాడు. 'మన కమిటీ సాధించిన చారిత్రాత్మక విజయం' అని. మేడమ్ ఒక దీర్ఘమూ ఒక అక్షరమూ కొట్టేసి అచ్చుకు పంపింది.

ఏడాది తిరగకముందే యజమాని నుంచి నోటీసు వచ్చింది. ప్రకటనలు పడిపోయాయి కాబట్టి వార్తా విభాగంలో నలుగురిని తగ్గిస్తున్నామని. ఎవరిని అనేది యాజమాన్యం చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట యూనియన్ పోరాడి రాయించుకున్న ఒప్పందంలో పద్నాలుగో షరతు ఉంది. తగ్గించాల్సి వస్తే చివర చేరినవాళ్ళు ముందు వెళ్ళాలి.

చివర చేరినవాళ్ళు ఆ ముగ్గురూ, నియామకాలు ఆగిపోకముందు ఆఖరున చేరిన జీపు డ్రైవరూ.

ఆదివారం ఆమెకు సెలవు. భర్త బజారుకు వెళ్ళాడు. నాన్న వరండాలో భూతద్దం పెట్టుకుని పత్రిక చదువుతున్నాడు. ఎనభై రెండేళ్ళొచ్చినా అచ్చుతప్పు దొరికితే ఆయన మొహం వెలిగిపోతుంది.

"నాన్నా, పద్నాలుగో షరతు తెలుసా నీకు?"

"తెలియకేం? సంతకాలు పెట్టిన ఆ ఒప్పందాన్ని కంపోజ్ చేసింది నేనే." ఆయన భూతద్దం దించాడు. "అప్పట్లో మేనేజరుకు ఎవరి మీద కోపమొస్తే వాణ్ణి తీసేసేవాడమ్మా. నా పేరు మూడుసార్లు లిస్టులో పెట్టాడు. ఆ షరతు లేకపోతే నువ్వు స్కూలు దాటేదానివి కాదు."

"ఇప్పుడు అదే షరతు మా పిల్లల్ని తీసేస్తోంది."

నాన్న పత్రిక మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "షరతు వచ్చిన మరుసటేడే నలుగుర్ని తగ్గించారు. ప్రూఫులు చూడ్డానికి అప్పుడే కొత్తగా ముగ్గురు ఆడపిల్లల్ని తీసుకున్నారు. ముందు వాళ్ళే పోయారు. షరతు నిలబడిందని మేం మిఠాయి పంచుకున్నాం" అన్నాడు.

"వాళ్ళేమన్నారు?"

"ఏమన్నారో మేం అడగలేదమ్మా."

ఆమెకు నాన్న మీద కోపం రావాలి. రాలేదు. తన చదువు, తన ఉద్యోగం ఆ షరతు పెట్టిన భిక్షేనని తెలుసు. ఆ ముగ్గురు ఆడపిల్లలు ఉండిపోయి ఉంటే తాను ఆఫీసులో ఒంటరి మేడమ్ అయ్యేది కాదనీ తెలుసు. రెండూ నిజమే.

"షరతు మంచిదేనే" అన్నాడు నాన్న. "మంచిది కాబట్టే మార్చడం కష్టం. కానీ దాని అడుగున ఒక చిన్న వాక్యం ఉంటుంది చూడు. ముందు చేరినవాళ్ళలో ఎవరైనా ఇష్టపడి తామే వెళ్ళిపోతామంటే, తమ బదులు వాళ్ళు చెప్పినవాళ్ళను ఉంచాలి అని. పేజీ కింద రెండు లైన్ల జాగా మిగిలిపోయింది. ఖాళీగా ఉంటే బాగుండదని అప్పటి సెక్రటరీ అక్కడికక్కడే నిలబడి చెప్పాడు, నేను కూర్చాను. ఎవరూ వాడలేదనుకో."

మంగళవారం యూనియన్ జనరల్ బాడీ సమావేశం. ఆమె చేసిన ప్రతిపాదన చాలా సాదాగా ఉంది. కమిటీ ద్వారా వచ్చినవాళ్ళకు మొదటి మూడేళ్ళు పద్నాలుగో షరతు వర్తించకూడదు, తగ్గింపును అన్ని విభాగాలూ పంచుకోవాలి. ఒక్కరు కూడా కాదనలేదు. అందరికీ చాలా బాధగా ఉంది. బాధగా ఉందని ఒక్కొక్కరే లేచి చెప్పారు. ఒకాయనకు ఇంటి అప్పు ఉంది, ఒకాయనకు వెన్నునొప్పి ఉంది, పెద్ద తోడల్లుడికి చిన్న తోడల్లుడున్నాడు. "సూత్రం సూత్రమేనమ్మా. ఇవాళ వాళ్ళకోసం ఒప్పందం తెరిస్తే రేపు మనల్ని తీసెయ్యడానికి మేనేజరు తెరుస్తాడు" అన్నారు చాలామంది. ఆ మాటలో నిజం ఉంది. చేతులెత్తితే ఇరవై తొమ్మిది వ్యతిరేకం, పదకొండు అనుకూలం. పోవాల్సిన నలుగురూ సభలోనే ఉన్నారు. సొంత విషయం కాబట్టి వాళ్ళు ఓటు వెయ్యడం బాగుండదని అధ్యక్షుడు మర్యాదగా చెప్పాడు. ఆ వెంటనే, వైవిధ్య కమిటీ కృషిని అభినందిస్తూ ఇంకో తీర్మానం పెట్టాడు. అది ఏకగ్రీవంగా నెగ్గింది. చప్పట్లు బాగానే మోగాయి.

అప్పుడామె లేచి ఆ అడుగు వాక్యాన్ని చదివింది.

క్యాంటీన్లో ఎవరూ ముందుకు రాలేదు. కొందరు చెప్పుల వైపు చూశారు. అధ్యక్షుడు ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. ఆయనకు రిటైరు కావడానికి పద్నాలుగు నెలలుంది.

"నేను దిగిపోవడానికి క్షణం పట్టదమ్మా" అన్నాడు చివరికి. "కానీ ఈ సమయంలో నేను లేకపోతే ఉద్యమం ఏమైపోతుంది?"

"ఉద్యమానికేం కాదు, మైకుకు ఇబ్బంది" అన్నారెవరో వెనకనుంచి. అందరికీ ఆ గొంతు తెలుసు.

తానే వెళ్ళిపోతానని రాసిద్దామని ఆమె అనుకోకపోలేదు. ఆ సాయంత్రం కాగితం తీసి సగం రాసింది కూడా. ఉన్న ఒక్క పాత మేడమ్ పోయి కొత్త మేడమ్ మిగిలితే లెక్కలో ఏం మారుతుంది, రేపు ఒప్పందంలో పెన్సిల్ గీత ఎవరు గీస్తారు అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ మాటలు అచ్చం అధ్యక్షుడి మాటల్లా ఉన్నాయని తోచింది. అయినా కాగితం చింపేసింది.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో ఒక కాగితం ముందే ఉంది. రాసింది సణుగుడు సారు. 'పద్నాలుగో షరతు అడుగు వాక్యం ప్రకారం నేను వెళ్ళిపోతున్నాను. నా బదులు ఆ బస్సు పిల్లను ఉంచగలరు.' అంతే, రెండు వాక్యాలు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన రాసిన వాటిలో సణుగుడు లేని కాగితం బహుశా అదొక్కటే.

మేడమ్ పరుగులాంటి నడకతో ఆయన సీటు దగ్గరకు వెళ్ళింది. ఆయన సొరుగు ఖాళీ చేస్తున్నాడు.

"ఏంటి సార్ ఇది? రోజూ కమిటీని వెక్కిరించింది మీరే కదా?"

"కమిటీని వెక్కిరించాను. పిల్లనెప్పుడు వెక్కిరించాను?"

"మరి ఇంట్లో..."

"మా ఆవిడ టైలరింగ్ షాపులో కాజాలు కుట్టేవాళ్ళు దొరకడం లేదట. మనవాళ్ళు ఓడిపోయారు, వాళ్ళు గెలిచారు అని ఇరవై ఆరేళ్ళు రాశానమ్మా. ఎవడో ఆడితే నేను హెడ్డింగు పెట్టడం! నాకూ విసుగొచ్చింది. ఇందులో త్యాగం గీగం ఏం లేదు. ముఖ్యంగా ఆ ప్రెసిడెంటును నా మీద ప్రకటన రాయనివ్వకు. రాస్తే మాత్రం ఒట్టు, కాగితం వెనక్కి తీసుకుంటాను."

కొత్తమ్మాయి ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. సాయంత్రం ఆయన సంచీ అందుకుని గేటు దాకా మోసింది. "నేనడగలేదు కదా సార్" అంది. గొంతులో కృతజ్ఞత కంటే కోపమే ఎక్కువ. "రేపటినుంచి అందరూ నన్ను మీ సీట్లో కూర్చున్నదానిలా చూస్తారు."

"చూడనీ. నా సీటు కుర్చీకి ఒక కాలు కుంటిది. జాగ్రత్తగా కూర్చో" అన్నాడాయన.

మిగిలిన ముగ్గురూ, అంటే ఫోటోగ్రాఫరు, చంకకర్రల కుర్రవాడు, డ్రైవరు, నెలాఖరుకు వెళ్ళిపోయారు. వాళ్ళకోసం ఎవరూ కాగితం రాయలేదు.

రెండు నెలల తర్వాత పత్రిక మొదటి పేజీలో రంగుల ప్రకటన ఒకటి వచ్చింది. 'ఏడాదిలో మా వార్తా విభాగంలో మహిళల సంఖ్య రెట్టింపు!' అబద్ధం కాదు. అప్పుడు నలభై నలుగురిలో ఒకరు, ఇప్పుడు నలభై మందిలో ఇద్దరు. ఆ లెక్క చూసి సమాఖ్య మురిసిపోయి, యాజమాన్యానికీ యూనియన్‌కూ కలిపి జ్ఞాపిక ప్రకటించింది. పెద్ద హాల్లో సభ. మేనేజరూ అధ్యక్షుడూ జ్ఞాపికను చెరో వైపు పట్టుకున్నారు. మేడమ్‌నూ కొత్తమ్మాయినీ ముందుకు, ఇంకా ముందుకు రమ్మన్నారు.

ఫోటో తియ్యడానికి సమాఖ్య రోజు కిరాయి మీద పిలిపించింది నది అవతలి ఫోటోగ్రాఫరు అమ్మాయినే. ఎవరో కావాలని చేసింది కాదు. ఊళ్ళో తక్కువకు వచ్చేది ఆ అమ్మాయేనట.

"కొంచెం దగ్గరకు జరగండి" అంది ఆ అమ్మాయి కెమెరా వెనకనుంచి. "మధ్యలో ఖాళీ కనిపిస్తోంది."

మేడమ్ స్టేజీ దిగి నేరుగా ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళింది. ఏం మాట్లాడాలో తెలియక, "ఎలా ఉన్నావు?" అంది.

"పనులొస్తున్నాయండీ. ఎక్కువగా రిటైర్‌మెంట్ ఫంక్షన్లు."

"వచ్చే జనరల్ బాడీకి వస్తావా? నువ్వు మాట్లాడాలి."

"నేను మెంబర్ని కాదు కదండీ ఇప్పుడు."

"అతిథిగా రా. నిన్ను అప్పుడే అడగాల్సింది. మేం చేతులెత్తామే గానీ, నువ్వేమంటావని ఎవరం అడగలేదు."

ఆ అమ్మాయి లెన్సుకు మూత పెట్టి, వస్తానంది.

వచ్చింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. చేరిన రోజు తనకిచ్చిన గుర్తింపు కార్డులో పేరు తప్పు పడిందనీ, సరిదిద్దిన కార్డు ఉద్యోగం పోయిన మర్నాడు ఇంటికొచ్చిందనీ చెప్పింది. క్యాంటీన్లో కొందరు నవ్వబోయి ఆగారు. కొత్తమ్మాయి పాత ప్రతిపాదననే మళ్ళీ పెట్టింది. ఈసారి ఇరవై అనుకూలం, పదిహేడు వ్యతిరేకం, ముగ్గురు చెయ్యెత్తలేదు. పద్నాలుగో షరతు మారింది.

అనుకూలంగా కొత్తగా చేరిన చేతులు ఎవరివో మేడమ్ గమనించింది. అందులో ఏడు, ఆ ఏడాది రిటైరయ్యేవాళ్ళవి. షరతు ఉన్నా లేకపోయినా వాళ్ళకిక పోయేదేమీ లేదు. వాళ్ళలో అధ్యక్షుడు కూడా ఉన్నాడు. సభ అయ్యాక ఆయన ఆమె దగ్గరకొచ్చి, "మొదటిసారే ఎత్తాల్సిందమ్మా" అన్నాడు చిన్నగా. మైకు లేకుండా ఆయన గొంతు ఆమె వినడం అదే మొదలు. బాగానే ఉంది.

ఇంటికెళ్ళి నాన్నతో చెప్పింది. ఆయన ఓట్ల లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. తాను కూర్చిన షరతు మారినందుకు ఆయన మొహంలో ఏదో కదిలింది గానీ, అది సంతోషమో కాదో ఆమెకు తెలియలేదు.

"ఆ ఫోటోలు తీసే అమ్మాయిని వెనక్కి తీసుకుంటారా?"

"ఖాళీ రావాలిగా నాన్నా."

"ఏడుగురు రిటైరవుతున్నారంటివి?"

"అవుతున్నారు. నిన్న మేనేజరు నోటీసు పెట్టాడు. రిటైరైనవాళ్ళ స్థానాలను ఖాళీలుగా పరిగణించరట."

నాన్న భూతద్దం కోసం చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ నోటీసు ఇలా ఇవ్వు. సరిగ్గా ఏ మాట వాడాడో చూద్దాం."

ఆమె కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుంది. ఇద్దరూ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టారు.